ఊదా రంగు ట్యాగు

ఈ వారమే మా ఇంటి గొడవలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. పాతవాళ్లు ఈలోగా కాఫీ కలుపుకోండి.

నా పేరు స్టెల్లా. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం పోయే దారిలో ఉన్న యూనివర్సిటీలో సూపరింటెండెంటుని. మా చెల్లెలు దానమ్మ కొడుకు బెన్నీ అక్కడే లైబ్రరీలో పనిచేస్తాడు, కాంట్రాక్టు మీద. వాడికి ఇబ్రహీంపట్నం బాలశౌరిగారి అమ్మాయి బ్లెస్సీతో ప్రధానం అయిపోయింది. పిల్ల బెంజ్ సర్కిల్ దగ్గర ల్యాబ్‌లో టెక్నీషియన్. బాలశౌరిగారు థర్మల్ పవర్ స్టేషన్‌లో ఫోర్‌మన్‌గా రిటైరై, ఇప్పుడు వాళ్ల గుడిలో ఉపదేశిగా ఉన్నారు. పూజ ఫాదర్‌గారు చేస్తారు, ప్రకటనలు ఈయన చదువుతారు.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఆటంకం ఏదైనా ఉన్నవారు తెలియజేయవలెను, అని. రెండో ప్రకటన వినడానికి రెండో ఆదివారం నేనూ బెన్నీ వాళ్ల గుడికి వెళ్లాం. బాలశౌరిగారు మైకు సర్దుకుని, కంచుకంఠంతో, "వరుడు యూనివర్సిటీలో పర్మినెంట్ ఉద్యోగి" అని చదివారు. మగవాళ్ల వైపు కూర్చున్న మా వాడి మొహం చూస్తే నెత్తురు చుక్క లేదు.

ఆ పర్మినెంట్ అన్న మాట ఆయనకి ఎవరు చెప్పారు? మేము చెప్పలేదు, ఆయన అడగలేదు. ప్రధానం రోజున వాడి ఐడీ కార్డు తీసుకుని చుట్టాలందరికీ చూపించారు. ఆ పాత కార్డు మీద నాకూ, వాడికీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ అందరికీ ఒకటే మాట ఉండేది: ఉద్యోగి. పెద్దాయన ఆ ఒక్క మాట పట్టుకుని తక్కినదంతా తనే పూర్తి చేసుకున్నారు. బ్లెస్సీకి మాత్రం మొదటిరోజే బెన్నీ అంతా చెప్పాడు. నాన్నకీ తెలుసని ఆ పిల్ల అనుకుంది, తెలిసి కూడా ఒప్పుకున్నాడని లోలోపల మురిసిపోయింది కూడా. మొదటి ప్రకటన రోజున ఆ పిల్లకి ల్యాబ్‌లో డ్యూటీ, వినలేదు.

పూజ అయ్యాక గుడి బయట బ్లెస్సీ బెన్నీ చెయ్యి పట్టుకుని ఒక్కటే చెప్పింది. "మూడో ప్రకటన లోపు నువ్వే చెప్పు. నేను చెప్తే నిన్ను వెనకేసుకొచ్చినట్టుంటది."

అక్కడికి ఆగాం. ఇక వినండి.

సోమవారం పొద్దున్నే యూనివర్సిటీలో కొత్త కార్డుల పండగ. చిప్పు ఉన్న కార్డులు, గేటు దగ్గర ఆనిస్తే కూతపెట్టే మిషను, ఆడిటోరియం ముందు అరటి పిలకలు. పిల్లలకి ఐస్‌క్రీమ్ కూడా పంచారు, ఎందుకో నాకు అర్థం కాలేదు. కార్డు మీద పాత 'ఉద్యోగి' అలాగే ఉంది. కొత్తగా వచ్చింది మెడలో వేసుకునే ట్యాగుకి రంగు. పర్మినెంటు వాళ్లకి ముదురు నీలం, కాంట్రాక్టు వాళ్లకి ఊదా, అవుట్‌సోర్సింగ్ వాళ్లకి ఆకుపచ్చ.

ఈ కార్డుల కమిటీలో నేనూ ఉన్నాను. ఇదేం పద్ధతండీ అని గొంతు చించుకున్నాను. గేటు దగ్గర సెక్యూరిటీకి ఎవరెవరో తెలియాలన్నారు. పోనీ కార్డు వెనక చిన్నగా రాయండి అన్నాను. "కాంట్రాక్ట్ అని అక్షరాల్లో రాస్తే మనసు నొచ్చుకుంటుంది మేడం, రంగయితే గౌరవంగా ఉంటుంది" అన్నారు. అక్షరాల్లో రాస్తే నొచ్చుకునే మనసు, మెడకి కట్టి ఊరంతా తిప్పితే నొచ్చుకోదట! ఇంత తెలివి వీళ్లకి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. రంగులు ఎంచింది మా ఆఫీసు సాంబమూర్తిగారు. నేతవాళ్ల కుటుంబం, మంచి మనిషి. "నీలం పక్కన ఊదా పెడితే చీరంచులాగా ఎంత బాగుంటుందో చూడండి మేడం" అని ఆయన సంబరం ఆయనది. నిజంగానే బాగుంది, అదే నా బాధ.

బెన్నీ తన ట్యాగు తీసుకుని నా గదికొచ్చాడు. మెడలో వేసుకోకుండా చేతికి చుట్టుకున్నాడు.

"పెద్దమ్మా, నీది నీలం, నాది ఇది. ఇన్నాళ్లూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం గదా, ఇక నుంచి వేరే బల్ల చూసుకోనా?" అన్నాడు నవ్వుతూ.

"నోరు ముయ్యి, వెధవా," అన్నాను. కళ్లు మంటపెట్టాయి. చంటిబిడ్డప్పటి నుంచి నా ఒళ్లో పెరిగినవాడు వాడు. దానమ్మకి జ్వరమొస్తే నా పక్కనే పడుకునేవాడు. "ఆయనకి ఎప్పుడు చెప్తావు?"

"శనివారం వెళ్లి చెప్తాను."

ఈ వాయిదాలంటే నాకు ఒళ్లుమంట. చెప్పాల్సినది నాలుక మీదకి రాగానే చెప్పేయాలి, నాన్చితే పులుస్తుంది. అదే మాట అనబోతుండగా తలుపు దగ్గర, "చెల్లెమ్మా, లోపలికి రావచ్చా?" అని వినిపించింది. శుభలేఖల కట్ట ఒక చేతిలో, మూడు గిన్నెల క్యారియరు ఇంకో చేతిలో. బాలశౌరిగారు!

"రండి అన్నయ్యగారూ, రండి," అని నేను లేచాను. బెన్నీ చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు. పెద్దాయన కళ్లు థర్మల్‌లో మీటర్లు చూసి చూసి రాటుదేలాయి. ఏదీ తప్పించుకోదు.

"ఏంటి బాబూ, చేతిలో? కొత్త కార్డా? ఏదీ, ఏదీ."

ట్యాగు ఆయన చేతిలోకి వెళ్లింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. నా మెడలో నీలం చూశారు, మళ్లీ ఊదా చూశారు.

"చెల్లెమ్మా! ఇది ఊదా గదా. మా బిషప్పుగారి నడికట్టు రంగు! ఈ రంగు ఊరికే ఇయ్యరు." ట్యాగుని అరచేతిలో పరిచి నిమిరారు. "మీకు కూడా నీలమే ఇచ్చారు. మా అల్లుడికి ఊదా ఇచ్చారంటే... ప్రమోషనా బాబూ? చెప్పవేం?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పుట్టిన దగ్గర్నుంచి గుడి నీడలో పెరిగిన మనిషి, ఊదా అంటే ఆయనకి బిషప్పుగారే. మా కమిటీ బుర్రలకి ఆ సంగతి ఎందుకు తట్టుద్ది?

సరిగ్గా అప్పుడే సాంబమూర్తిగారు లోపలికొచ్చారు. "బాగుంది గదండీ ఆ రంగు? నేనే ఎంపిక చేశాను. ఆ రంగు ఎవరికంటే..." అని మొదలుపెట్టారు.

"సాంబమూర్తిగారూ! మా అన్నయ్యగారికి టీ చెప్పరూ, అల్లం వేయించి," అని ఆయన్ని భుజాలు పట్టి తిప్పినంత పని చేశాను. పాపం ఆయన, "అట్టాగే మేడం," అంటూ వెళ్లిపోయారు.

బాలశౌరిగారు ట్యాగుని బెన్నీ మెడలో తన చేత్తో వేశారు. కాలరు కింద సర్దారు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. "మా ఆవిడ సంపూర్ణ చూస్తే ఎంత మురిసిపోతదో," అన్నారు. "ఆదివారం ఇది వేసుకునే గుడికి రా బాబూ. నేను ప్రకటనలో ఈ ముక్క కూడా చేరుస్తాను."

బెన్నీ నా వైపు చూశాడు. ఒక్క అబద్ధం కూడా ఆడకుండానే అబద్ధంలో నిలువునా మునిగిపోవడం ఎలాగో వాడి మొహం చూస్తే తెలిసింది నాకు. నేను నోరు తెరవబోయాను. వాడు వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించి, "మావయ్యగారూ, క్యాంటీన్లో కూర్చుందాం రండి. మీతో మాట్లాడాలి," అన్నాడు.

శనివారం దాకా ఆగుతానన్నవాడు సోమవారమే లేచాడు.

క్యాంటీన్లో మూల బల్ల. బయట ఉక్క, పైన ఫ్యాను తిరుగుతున్నా గాలి మాత్రం రావడం లేదు. సంపూర్ణమ్మగారు పంపిన క్యారియరు విప్పితే గోంగూర రొయ్యల వాసన బల్లంతా కమ్మేసింది. బాలశౌరిగారు గిన్నె బెన్నీ ముందుకి జరిపారు.

"తింటూ చెప్పు బాబూ."

"చెప్పాక తింటానండి," అన్నాడు బెన్నీ. "మావయ్యగారూ, ఈ రంగు కాంట్రాక్టు వాళ్లదండి. నేను పర్మినెంట్ కాదు. ఏడాదికోసారి రెన్యువల్ చేస్తారు. చేరిన దగ్గర్నుంచీ అంతే. మీరు పర్మినెంట్ అనుకుంటున్నారని ఆదివారం మీరు చదివేదాకా నాకు తెలియదండి. ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు."

ఒక్క గుక్కలో చెప్పేశాడు. నాకు వాణ్ణి ముద్దుపెట్టుకోవాలనిపించింది.

బాలశౌరిగారు చేతిలోని గరిటెని నెమ్మదిగా గిన్నెలో పెట్టారు. పక్క బల్ల దగ్గర కుర్రాళ్లు కొత్త కార్డుల్లో ఫొటోలు ఎంత ఘోరంగా వచ్చాయో చూసుకుని పడీపడీ నవ్వుతున్నారు.

"మీకు తెలుసు గదా చెల్లెమ్మా?" అన్నారు చివరికి.

"వాడు కాంట్రాక్టని తెలుసు అన్నయ్యగారూ. మీకు తెలియదని తెలియదు. సంబంధం మాట్లాడిన రోజున మీరు జీతం అడిగారు, చెప్పాం. అలవాట్లు అడిగారు, చెప్పాం. ఇది అడగలేదు మీరు."

"అడగలేదు," అన్నారాయన. "నిజమే. కార్డు చూసి ఇక అడిగేదేముంది అనుకున్నా." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను బలిపీఠం పక్కన నిలబడి చదివాను. రెండుసార్లు. అబద్ధం చదివాను గుడిలో."

"మీరు కావాలని చదవలేదండి," అన్నాడు బెన్నీ.

"కావాలని చదివినా, తెలియక చదివినా విన్నవాళ్ల చెవుల్లో అబద్ధమే గదా."

కోప్పడితే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. నాకు చేతనైన విద్య అదొక్కటే. ఆయన కోప్పడలేదు. బెన్నీ వైపు చూసి మెల్లగా చెప్పుకొచ్చారు.

"నేను థర్మల్‌లో మొదట కాంట్రాక్టు కూలీనే బాబూ. అప్పటికే పెళ్లయింది. బ్లెస్సీ పొట్టలో ఉంది. మార్చి నెల వచ్చిందంటే గేటు బయట నిలబెట్టి పేర్లు పిలిచేవాళ్లు. పిలిస్తే ఇంకో ఏడాది పని. పిలవకపోతే ఇంటికి. సంపూర్ణ ఆ రోజున పొయ్యి వెలిగించేది కాదు. నేను వచ్చి ఆ మాట చెప్పిందాకా నీళ్లు కూడా ముట్టేది కాదు. ఒక ఏడాది నా పేరు పిలవలేదు." ఆగారు. "ఆ ఏడాది మేము ఎట్టా బతికామో నా కూతురికి ఇప్పటికీ చెప్పలేదు. ఇక నా బిడ్డ కూడా మార్చి నెలలో పొయ్యి ఆర్పుకుని కూర్చోవాలా?"

బెన్నీ తల దించుకున్నాడు. ఆయన పడని బాధ అయితే వాదించవచ్చు. ఆయనది తిన్న దెబ్బ.

"మీ మీద నాకేం కోపం లేదు. నువ్వంటే నాకు ఇష్టం బాబూ. ఇంత నిజాయితీగా చెప్పినందుకు ఇంకా ఎక్కువైంది. కానీ ఆగుదాం. పర్మినెంట్ అయ్యాక చేద్దాం. ఎప్పుడవుద్ది?"

"తెలియదండి," అన్నాడు బెన్నీ. "అవుద్దో లేదో కూడా తెలియదు."

"అయితే అయ్యిందాకా ఆగుదాం. ఆదివారం నేను చదివింది సరిదిద్ది, పెళ్లి వాయిదా అని చదువుతాను. సరేనా?"

బెన్నీ తలూపాడు!

నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్ల మీద పడమన్నానా? ఒక్క మాట, 'ఆగలేనండి' అని ఒక్క మాట అనలేడా? పుస్తకాలు అరల్లో సర్దీ సర్దీ వీడి నోరు కూడా మూసుకుపోయినట్టుంది.

బాలశౌరిగారు శుభలేఖల కట్ట మళ్లీ చంకలో పెట్టుకుని లేచారు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, గిన్నెలోని రొయ్యలు బెన్నీ అన్నంలో వడ్డించారు.

"తిను. మీ అత్తగారు తెల్లారుజామున లేచి వండింది," అన్నారు. గబగబా వెళ్లిపోయారు. బెన్నీ అన్నంలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు. ఆఖరికి నేనే కలిపి నోట్లో పెట్టాను. పెళ్లికొడుకు, సిగ్గులేదు, నలుగురి ముందూ నా చేతి ముద్ద తిన్నాడు.

సాయంత్రం ల్యాబ్ నుంచి బ్లెస్సీ ఫోను.

"అత్తయ్యా, నాన్న ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడంట. అమ్మ అంతా చెప్పింది. వాయిదా అన్నాడంటగా. దానికి బెన్నీ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా. తలూపాడు."

"తలూపాడా?"

"ఊ."

"వాడి తలకాయ!" అంది బ్లెస్సీ, అని ఫోను పెట్టేసింది. నాకు ఆ పిల్ల మీద ఉన్న ప్రేమ ఆ ఒక్క మాటకి రెట్టింపయింది. వారమంతా బెన్నీ ఫోను చేస్తే ఎత్తలేదు. మైలవరం నుంచి దానమ్మ రోజూ నాకు ఫోను చేసి ఏడవడం, నేను రోజూ దాన్ని తిట్టి ఊరుకోబెట్టడం. చీరలకి అడ్వాన్సు ఇచ్చాం, వెనక్కి అడగాలా వద్దా అంటుంది. నోరు మూసుకో, ఆదివారం దాకా ఏదీ వెనక్కి అడగొద్దు అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

ఆదివారం వచ్చింది. వెళ్లకూడదనే అనుకున్నాం. మన పేరు చదువుతుంటే మనం లేకపోవడం పిరికితనం అని బెన్నీయే అన్నాడు. సరే పదమన్నాను. వాడు మగవాళ్ల వైపు చివర కూర్చున్నాడు. నేను ఆడవాళ్ల వైపు, సంపూర్ణమ్మగారి పక్కన. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బ్లెస్సీ మా ముందు వరసలో, ముసుగేసుకుని, నిటారుగా కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పూజ చివర ప్రకటనలు. బాలశౌరిగారు మైకు ముందుకొచ్చారు. ఆ కంచుకంఠం ఆ రోజు లేదు.

"గత రెండు వారాలూ నేను ఒక తప్పు చదివాను. వరుడు పర్మినెంట్ ఉద్యోగి అన్నాను. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి. అబ్బాయి గానీ, వాళ్ల పెద్దలు గానీ అబద్ధం చెప్పలేదు. అడగకుండా చదివిన తప్పు నాది. సంఘస్థులు నన్ను క్షమించాలి."

గుడి అంతా గుసగుస. సంపూర్ణమ్మగారి వేళ్లు నా అరచేతిలో గుచ్చుకున్నాయి. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. వందలమంది ముందు నిలబడి తప్పు నాది అనగలిగిన మగవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

"ఈ వివాహం ప్రస్తుతానికి వాయిదా వేయబడింది," అని చదివారు. అక్కడ ఆపాలి. ఆపలేదు. ఏళ్ల తరబడి ప్రతి పెళ్లి ప్రకటన చివరా చదివిన వాక్యం, నాలుకకి అంటుకుపోయిన వాక్యం, దానంతటదే వచ్చేసింది.

"దీనికి ఆటంకం ఏదైనా ఉన్నవారు తెలియజేయవలెను."

చదివేశాక ఆయనే ఉలిక్కిపడ్డారు. పీఠం దగ్గర ఫాదర్‌గారు తలెత్తి చూశారు.

బ్లెస్సీ లేచి నిలబడింది.

"నాకుంది," అంది.

"అమ్మా..." అన్నారు బాలశౌరిగారు. మైకులో ఆ మాట గుడంతా వినిపించింది.

"వాయిదాకి నాకు ఆటంకం ఉంది నాన్నా. ఆ మార్చి సంగతి నాకు తెలియదనుకున్నావా? అమ్మ ఎప్పుడో చెప్పింది. పొయ్యి వెలగని రోజున నువ్వూ అమ్మా ఒకే చాప మీద కూర్చుని ఉన్నారంట. నాకు కావాల్సింది అదే."

నా పక్కన సంపూర్ణమ్మగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనేం తక్కువ తినలేదు. బాలశౌరిగారు దిక్కుతోచక ఫాదర్‌గారి వైపు చూశారు. ఆయన మీసాల్లో నవ్వుకుంటూ, "ఉన్నవారు చెప్పమని అడిగింది మీరే గదా ఉపదేశిగారూ. పూర్తిగా వినాలి మరి," అన్నారు.

"ఇంకో ఆటంకం కూడా ఉంది ఫాదర్," అంది బ్లెస్సీ. ముసుగు సర్దుకుని, మొట్టమొదటిసారి మగవాళ్ల వైపు తిరిగింది. "నాన్న ఆగమంటే అతను తలూపాడంట. అతను నా కోసం ఆగుతాడో, నన్ను వదులుకుంటాడో, నాతో ఆ చాప మీద కూర్చుంటాడో, నాకు ఇప్పుడే తెలియాలి. తల ఊపితే కుదరదు. ఇందరి ముందూ నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేకపోతే పర్మినెంట్ అయినా నాకొద్దు."

అన్ని తలలూ ఒక్కసారిగా బెన్నీ వైపు తిరిగాయి. దేవుడా, ఈ వెధవ మళ్లీ తలూపుతాడేమో అని నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి బెన్నీ తన చోట లేడు. వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి, బాలశౌరిగారి ముందు నిలబడి, మైకు ఇవ్వమని చెయ్యి చాపాడు.